పులుపును తీపి చేసే పెరటి పండు



ఈ పూట ఒక చిట్టి పండు గురించి చెప్పుకుందాం. పొగడ చెట్టు కింద రాలిన పండ్లు ఏరుకున్నవాళ్లకు దీని పరిమాణం వేరే చెప్పనక్కర్లేదు. రమారమి అంతే ఉంటుంది. రెండు, రెండున్నర సెంటీమీటర్ల పొడవు, కోల ఆకారం, పండితే నిగనిగలాడే ఎరుపు. లోపల ఒకటే గింజ, దాని చుట్టూ పల్చగా తెల్లటి గుజ్జు. నోట్లో వేసుకుంటే పెద్ద రుచేమీ తెలియదు. చప్పగా, ఉండీ లేనట్టుగా కాస్త తీపి. అయితే ఆ గుజ్జు చప్పరించి, ఓ నిమిషం ఆగి, నిమ్మచెక్క నాలుక మీద పెట్టుకుంటే మాత్రం నిమ్మరసం తియ్యగా ఉంటుంది. చక్కెర వేయలేదు, బెల్లం వేయలేదు. అయినా తీపే. అరగంట నుంచి గంట దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువసేపు, ఏ పుల్లటి వస్తువు తిన్నా ఇదే వరస.

మన నర్సరీలవాళ్లు దీన్ని మిరకిల్ ఫ్రూట్ అంటున్నారు. వృక్షశాస్త్రంలో దీని పేరు సిన్‌సెపాలమ్ డల్సిఫికమ్. సపోటా కుటుంబానికి చెందిన మొక్క. ఇప్ప, పొగడ, వేసవిలో అడవి పల్లెల్లో పిల్లలు కోసుకు తినే పాలపండ్లు, ఇవన్నీ దానికి దాయాదులే. అందుకని మొక్క మన కంటికి మరీ పరాయిదిగా కనిపించదు. ఆకులు దళసరిగా, కొమ్మల చివర గుత్తులుగా ఉంటాయి. పూలు తెల్లగా, చాలా చిన్నవిగా, కొమ్మనంటుకుని పూస్తాయి.

ఈ పండును కొనుక్కుని తినడం దాదాపు కుదరని పని. తినాలని ఉంటే పెంచుకోవలసిందే. అలా ఎందుకయిందో, మన ఇళ్లలో దాన్ని ఎలా పెంచుకోవచ్చో చెప్పాలనే ఈ ప్రసంగం.

దీని పుట్టిల్లు పశ్చిమాఫ్రికా. ఘనా, బెనిన్, నైజీరియా మొదలుకొని కాంగో వరకు ఉన్న తేమ అడవుల్లో ఇది సహజంగా పెరుగుతుంది. 1725లో ఫ్రెంచి యాత్రికుడు దె మార్షే ఆ తీరానికి వెళ్లినప్పుడు, అక్కడి జనం భోజనానికి ముందు ఈ చిన్న పండు నమలడం గమనించాడు. ఆ తరువాత 1852లో విలియం డేనియల్ అనే బ్రిటిష్ సైనిక వైద్యుడు దీని గురించి వివరంగా రాశాడు. అక్కడివాళ్లు మొక్కజొన్న పిండిని పులియబెట్టి ముద్దలు చేసుకుంటారు. అవి నిలవైతే మరీ పుల్లబడతాయి. వాటిని తినేముందు ఈ పండు చప్పరించేవారట. కల్లు తాగేముందూ అంతే. పొద్దున దించిన కల్లు సాయంత్రానికి ఎంత పులుస్తుందో మన పల్లెల్లో తెలియనివాళ్లుండరు. ఆ పులుపును ఈ పండుతో తీపి చేసుకునేవారు.

ఇందులో మనం గమనించవలసిన సంగతి ఒకటుంది. ఆ ప్రజలకు ఈ పండు వింత కాదు.  ఇంటి దగ్గర ఒక మొక్క, అన్నం ముందు కూర్చునే వేళకు ఒక పండు. దాని వాడకం ఎక్కువగా ఇంటి వాడకమే.

ఇక ఈ పండు పులుపును తీపిగా ఎలా మారుస్తుందో చూద్దాం. 1968లో అమెరికాలో ఒక బృందం, హాలండులో మరో బృందం వేరువేరుగా ఈ పండులోని అసలు పదార్థాన్ని పట్టుకున్నాయి. అదొక ప్రోటీన్. దానికి మిరాక్యులిన్ అని పేరు పెట్టారు. 191 అమైనో ఆమ్లాల గొలుసు అది. దానికి చక్కెర అణువులు అతుక్కుని ఉంటాయి గానీ, తీపి వచ్చేది వాటి వల్ల కాదు. మన నాలుక మీద తీపిని గుర్తించే గ్రాహకాలుంటాయి. మిరాక్యులిన్ పోయి వాటిని పట్టుకుని కూర్చుంటుంది. నోరు మామూలుగా ఉన్నంతసేపూ ఏమీ జరగదు. తాళంలో చెవి దూర్చి తిప్పకుండా వదిలినట్టు ఊరికే ఉంటుంది. పుల్లటి రసం నోట్లోకి వచ్చిందంటే ఆ ఆమ్లానికి ప్రోటీన్ రూపం మారి, చెవి తిరిగి, తీపి గ్రాహకం మేలుకుంటుంది. మింగేశాక ఆమ్లం పోతుంది, తీపీ పోతుంది. మళ్లీ పులుపు తగిలితే మళ్లీ తీపి. ప్రోటీన్ నాలుకను వదిలిపోయేదాకా ఇదే జరుగుతుంది. టోక్యోలోని శాస్త్రవేత్తలు 2011లో ఈ సంగతిని మనిషి గ్రాహకాల మీదే పరీక్షించి చూపించారు.

అందుకే దీని ప్రభావం పులుపు మీదే. ఉప్పు ఉప్పుగానే ఉంటుంది. కాకరకాయ చేదు చేదుగానే ఉంటుంది. మిరపకాయ మంట తగ్గదు. పులుపు లేని పదార్థం మీద దీని పని ఏమీ లేదు.

ఇంత గొప్ప గుణమున్న పండు మరి అంగళ్లలో ఎందుకు లేదు? వ్యాపారం ప్రయత్నించకపోలేదు. 1970 ప్రాంతంలో అమెరికాలో రాబర్ట్ హార్వీ అనే ఆయన మిరాలిన్ అనే కంపెనీ పెట్టి, ఈ పండు సారంతో చక్కెర అవసరం లేని తినుబండారాలు తయారుచేయాలని పెద్ద ప్రయత్నమే చేశారు. సరుకు బజారులోకి రాబోతున్న సమయంలో, 1974లో, అక్కడి ఆహార ఔషధ సంస్థ దాన్ని మామూలు ఆహారంగా ఒప్పుకోలేదు. బయటి నుంచి కలిపే పదార్థంగా లెక్కగట్టి, అనుమతికి ఏళ్ల తరబడి పరీక్షలు కావాలంది. కంపెనీ మూతపడింది. ఐరోపా సమాఖ్యలో ఎండబెట్టిన ఈ పండ్లకు కొత్తరకం ఆహారంగా అనుమతి వచ్చింది 2021లోనే.

అనుమతుల సంగతి అలా ఉంచితే, పండు స్వభావమే అంగడికి పొసగదు. కోసిన రెండు మూడు రోజుల్లో పాడైపోతుంది. వండితే ఆ వేడికి మిరాక్యులిన్ చెడిపోతుంది. కనుక జామ్ చేసి, ఊరగాయ పెట్టి, రసం కాచి అమ్మే వీలు లేదు. మొక్క ఎదుగుదల మహా నెమ్మది. ఆ కష్టం చూసే జపాను శాస్త్రవేత్తలు మిరాక్యులిన్ జన్యువును టమాటాలోకి, లెట్యూస్ ఆకుకూరలోకి ఎక్కించి చూశారు. ఇంత శ్రమ పడినా, చల్లటి యంత్రాల్లో ఎండబెట్టిన పొడి బిళ్లలు తప్ప తాజా పండు బజారుకు రావడం చాలా అరుదు. చెట్టు దగ్గర నిలబడి కోసుకునేవాళ్లకే అది దక్కుతుంది. అంటే పెరట్లోనో, మేడ మీదో, బాల్కనీలోనో ఒక కుండీ పెట్టుకున్నవాళ్లకన్నమాట.

మొక్కలు మనకు దొరుకుతున్నాయి. తూర్పు గోదావరిలో కడియం, కడియపులంక వంటి చోట్ల పెద్ద నర్సరీల్లో విదేశీ పండ్ల మొక్కల మధ్య దీన్ని అడిగి చూడండి. అడిగేటప్పుడు గింజ మొక్కా, అంటు మొక్కా అని తప్పకుండా తెలుసుకోండి. గింజ నుంచి పెంచిన మొక్క కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. అంటు మొక్క అంతకంటే ముందే కాస్తుంది. పూత, పిందె ఉన్న మొక్క దొరికితే ధర కొంచెం ఎక్కువైనా దాన్నే తీసుకోండి.

ఈ మొక్కను తెలుగునాట పెంచాలంటే ముందుగా అర్థం చేసుకోవలసినది మట్టి. దీనికి ఆమ్ల గుణమున్న మట్టి కావాలి. పీహెచ్ విలువ నాలుగున్నరకూ ఆరుకూ మధ్య ఉండాలి. మన నల్లరేగళ్లు క్షార గుణం ఉన్నవి. ఎర్ర నేలల్లో చాలావాటికి కూడా ఇంత ఆమ్లగుణం ఉండదు. బోరు నీళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. గిన్నెల అడుగున తెల్లగా పేరుకుంటుందే, ఆ సున్నమే మొక్క వేళ్ల దగ్గరా పేరుకుంటుంది. అప్పుడు మట్టిలో ఇనుము ఉన్నా మొక్క తీసుకోలేదు. లేత ఆకులు ఈనెలు మాత్రం పచ్చగా ఉండి, మధ్య భాగమంతా పసుపుబారుతుంది. ముదురాకుల అంచులు గోధుమరంగుకు మాడి, చివరి నుంచి లోపలికి ఎండుతూ వస్తాయి. ఎండ దెబ్బేమో అని ఇంకా ఎక్కువ బోరు నీళ్లు పోస్తే మొక్క ఇంకా తొందరగా పోతుంది. చాలా ఇళ్లలో ఈ మొక్క బతకకపోవడానికి కారణం ఇదే.

అందుకే దీనికి నేల కంటే కుండీయే మేలు. కుండీలోనైతే మట్టి మన చేతిలో ఉంటుంది. కొబ్బరి పొట్టు సగం, బాగా మాగిన ఆకుల ఎరువు పావు వంతు, ఎర్రమట్టి, గరుకు ఇసుక కలిపి పావు వంతు వేయండి. కొబ్బరి పొట్టును వాడేముందు మంచినీళ్లలో రెండు మూడు సార్లు కడిగి పిండితే అందులోని ఉప్పు పోతుంది. గుప్పెడు వేపపిండి కలిపితే మంచిది. బూడిద, గుడ్డు పెంకుల పొడి, సున్నం, పాత గోడల రద్దు, ఇవేవీ ఈ కుండీ దరిదాపులకు రానివ్వకండి. మిగతా మొక్కలకు మేలు చేసే గుడ్డు పెంకులు దీనికి చెరుపు చేస్తాయి. కొత్త సిమెంటు కుండీ కూడా వద్దు. దాని గోడల నుంచి సున్నం ఊరుతుంది. మట్టి కుండీ గానీ, గ్రో బ్యాగ్ గానీ, అడుగున మంచి చిల్లులున్న ప్లాస్టిక్ తొట్టి గానీ సరిపోతుంది. మొదట చిన్న కుండీలో పెట్టి, వేళ్లు నిండాక పెద్దదానిలోకి మార్చండి. కుండీలో ఈ మొక్క మన నడుము ఎత్తుకు రావడానికే ఏళ్లు పడుతుంది కాబట్టి చోటు గురించి బెంగ అక్కర్లేదు.

నీళ్లన్నింటిలో వాన నీళ్లు దీనికి అమృతం. వర్షాకాలంలో మేడ మీద డ్రమ్ము పెట్టి, మూత వేసి దాచుకోగలిగితే చాలా రోజులు గడుస్తాయి. ఏసీ నుంచి కారే నీళ్లు కూడా లవణాలు లేనివే, వాటిని పట్టి పోయవచ్చు. మంచినీళ్ల ఫిల్టరు వదిలేసే వృథా నీళ్లలో మాత్రం లవణాలు ఇంకా చిక్కగా ఉంటాయి. వాటిని ఈ మొక్కకు పోయకూడదు. మట్టి ఎప్పుడూ చెమ్మగా ఉండాలి, నీళ్లు మాత్రం నిలవకూడదు. వేలు పెట్టి చూసి, పైన ఒక అంగుళం మేర ఆరితేనే పోయాలి.

తేమ అడవిలో పెద్ద చెట్ల నీడన పెరిగిన జాతి ఇది. పొద్దుటి ఎండ తగిలి, మధ్యాహ్నానికి నీడ పడే తూర్పు వైపు చోటు దీనికి బాగా నప్పుతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీర ప్రాంతాలవారికి గాలిలో తేమ సహజంగానే ఉంటుంది. హైదరాబాదు, కరీంనగర్, కర్నూలు వైపు వాళ్లు ఏప్రిల్, మే నెలల్లో షేడ్ నెట్ కట్టాలి. వడగాలి నేరుగా కొట్టకుండా కుండీని మిగతా మొక్కల గుంపు మధ్యకు జరపాలి. కుండీ పైన ఎండుటాకులు పరిస్తే చెమ్మ నిలుస్తుంది. చలి కూడా దీనికి పడదు. ఆదిలాబాద్ జిల్లాలో, లంబసింగి చుట్టుపక్కల డిసెంబరు రాత్రుళ్లు కుండీని లోపల పెట్టుకోవడం మంచిది.

చీడపీడలు తక్కువే. పిండి నల్లి పడితే వేపనూనెను సబ్బు నీళ్లలో కలిపి పిచికారీ చేస్తే పోతుంది. పూతకు జంట మొక్క అక్కర్లేదు. ఒక్క మొక్క ఉన్నా దాని పుప్పొడితోనే కాయ కడుతుంది. పూత సమయంలో కొమ్మను చేత్తో మెల్లగా కదిపితే చాలు. పిందె ఆకుపచ్చగా మొదలై, పండే వేళకు ఎరుపెక్కుతుంది. అప్పటికి పిగిలిపిట్టల కన్ను దానిమీద పడుతుంది. పల్చటి వలగుడ్డ సంచి కొమ్మకు తొడిగితే పండు మనకు దక్కుతుంది.

ఇక తినడం. దీన్ని ఒక పద్ధతిగా తినాలి. పండు పూర్తిగా ఎర్రబడి, వేలితో తాకగానే ఊడివచ్చే దశలో కోయండి. కడిగి నోట్లో వేసుకుని, పంటితో తోలు మాత్రం చిట్లించండి. గింజ కొరకకూడదు, అది చేదు. గుజ్జును నాలుకతో గింజ నుంచి విడదీసి, వెంటనే మింగకుండా నాలుక పైనా, పక్కలా, చివరా అంతటా పట్టేలా రెండు నిమిషాలు తిప్పండి. నాలుక మీద ఎక్కడ పట్టకపోతే అక్కడ పులుపు పులుపుగానే తెలుస్తుంది. తరువాత గింజ తీసేయండి.

ఇప్పుడు ఒక నిమ్మచెక్క. నిమ్మ వాసన అలాగే ఉంటుంది, తొక్కలోని ఘాటు అలాగే ఉంటుంది. కన్ను మూసుకుపోయేంత పులుపు మాత్రం రాదు. దాని చోట నిండైన తీపి వస్తుంది. మా మేడ మీద ఒకసారి పక్కింటి బామ్మగారికీ, ఆవిడ మనవరాలికీ చెరొక పండు ఇచ్చాం. బామ్మగారు పచ్చి చింతకాయ ముక్క నోట్లో పెట్టుకుని, మొదట పళ్లు పులుస్తాయని మొహం ముడిచి, అలాగే ఆగిపోయారు. కాసేపటికి, "ఇందులో బెల్లం పెట్టారా ఏమిటమ్మా?" అని అడిగారు. మనవరాలు, "బామ్మా, ఉసిరికాయ తిను, ఉసిరికాయ తిను" అని చెయ్యి లాగుతోంది. ఉసిరిలో పులుపు తీపి అయినా వగరు అలాగే ఉండిపోతుంది. అందుకే దాని రుచి నిమ్మ కన్నా చిత్రంగా ఉంటుంది.

పుల్లటి రుచులకు మన ఇళ్లలో కొదవ లేదు కాబట్టి ఈ పండుతో పరీక్ష చేయడానికి మనకున్నంత సామగ్రి మరెవరికీ ఉండదేమో. పుల్ల మామిడి ముక్క పండిన బంగినపల్లి వైపు జరుగుతుంది. నాటు టమాటా పండులా తినేయొచ్చు. పుల్లటి పెరుగు తియ్యబడుతుంది. రేగుపండ్లు, దానిమ్మ, పుల్ల ద్రాక్ష, వాక్కాయ, దేని తీరు దానిది. గోంగూర పచ్చడి తింటే పులుపు తియ్యబడి, కారం, ఉప్పు అలాగే నిలుస్తాయి. ఆవకాయ తిన్నా బెల్లం ఆవకాయ తిన్నట్టే ఉంటుంది. వేడివేడి చారు మాత్రం చివరికి ఉంచుకోండి. వేడి పానీయాలు తాగితే పండు ప్రభావం తొందరగా పోతుంది.

ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. పులుపు తెలియనంత మాత్రాన ఆమ్లం ఎక్కడికీ పోదు. నాలుకకు తియ్యగా ఉందని నాలుగు నిమ్మకాయలు తింటే కడుపులో మంట ఎలా వచ్చేదో అలాగే వస్తుంది, పళ్ల ఎనామిల్ ఎలా అరిగేదో అలాగే అరుగుతుంది. కాబట్టి అన్నీ చిన్న ముక్కలుగా, కొద్దికొద్దిగానే తినాలి, తిన్నాక నీళ్లతో నోరు పుక్కిలించాలి. గ్యాస్ట్రిక్ పుండ్లు ఉన్నవాళ్లు దీని జోలికి పోకపోవడమే మేలు. మధుమేహం ఉన్నవాళ్లు చక్కెర లేని నిమ్మరసం తియ్యగా తాగే ముచ్చట తీర్చుకోవచ్చు గానీ, ఇది చక్కెర వ్యాధికి మందు కాదు. క్యాన్సర్ చికిత్స వల్ల నోటి రుచి పాడైనవాళ్లకు ఈ పండు ఇచ్చి చూసిన అధ్యయనాలు కొన్ని జరిగాయి. కొందరికి తిండి మళ్లీ సయించింది. అవన్నీ కొద్దిమందితో చేసినవి. అలాంటివారు ఎవరైనా వైద్యుణ్ణి అడగకుండా మొదలుపెట్టకూడదు.

పండ్లు ఒకేసారి ఎక్కువగా పండితే కడిగి, తడి లేకుండా తుడిచి, మూత బిగుతుగా ఉన్న డబ్బాలో పెట్టి ఫ్రీజరులో దాచుకోండి. కొన్ని నెలల వరకు గుణం పోదు. గింజలను మాత్రం దాచకండి. ఎండితే అవి మొలకెత్తవు. తిన్న రోజే కడిగి, తడి కొబ్బరి పొట్టులో అర అంగుళం లోతున నాటాలి. మూడు వారాల నుంచి నెల, నెలన్నర లోపల మొలక వస్తుంది. మొదటి ఏడాది నాలుగు వేళ్ల ఎత్తు పెరిగితే అదే గొప్ప. ఓపిక పట్టండి.

శ్రోతలారా, తినే వస్తువులన్నీ ఇప్పుడు ఫోను నొక్కితే ఇంటికి వస్తున్నాయి. అలా సులువుగా రాని పండు ఒకటి ఉందంటే, అది మన పెరటికి ఇంకా పని ఉందని చెబుతోంది. ఈ మొక్క అడిగేది డబ్బు కాదు. కాస్త వాన నీళ్లు, సున్నం లేని మట్టి, మూడు నాలుగేళ్ల ఓపిక. కాపుకొచ్చాక ఒక్కరే తినే పండు కూడా కాదిది. పండ్లు పదో పదిహేనో ఉన్న రోజున వీధిలో పిల్లల్నీ పెద్దల్నీ పిలిచి, తలా ఒకటి ఇచ్చి, నిమ్మచెక్కలూ మామిడి ముక్కలూ పళ్లెంలో పెట్టండి. రుచి అంటే ఏమిటి, నాలుక ఎలా పనిచేస్తుంది అన్న పాఠం ఏ బడిలో చెప్పినదాని కన్నా బాగా ఆ పిల్లలకు గుర్తుంటుంది. ఆ రోజు మిగిలిన గింజలను వాళ్ల చేతే నాటించండి. ఒక్కో ఇంటికి ఒక్కో మొక్క వెళుతుంది. వచ్చే తొలకరికి ఒక కుండీ సిద్ధం చేసుకోండి.